తెల్లబట్ట – సభ్యులు తెలుసుకొనవలసిన సంగతులు

గేదె ఎదకు వచ్చి వేసే తీగలను మన సభ్యులు జాగ్రత్తగా గమనిస్తారు. అవి కోడిగుడ్డు సొనలా తేటగా ఉంటే సరే. చీము కలిసి ఉంటే కృత్రిమ గర్భధారణ ఆపి పశువైద్యుని పిలుస్తారు. అదే ఇంట్లో పాలు పితికే ఇల్లాలు అటువంటి బాధతో నెలల తరబడి ఉన్నా ఎవరికీ తెలియదు. ఈ పోలికకు ఎవరూ నొచ్చుకొనవద్దని మనవి.

మన మంచిర్యాల జిల్లాకు ప్రాణహిత ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉన్నది. అక్కడి రెండు గ్రామాలలో డాక్టర్ రాణీ బంగ్, వారి సహచరులు 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో లాన్సెట్ వైద్యపత్రికలో ఫలితాలు ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉన్నది. ఆ వ్యాధులలో సగం ఇన్ఫెక్షన్లే. అంతకుముందు ఇటువంటి పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 8 మందే!

నెలసరుల నడుమ వాసన, దురద లేకుండా కనిపించే జిగట సహజమే. విరిగిన పాల తరకల్లా పడుతూ విపరీతమైన దురద ఉంటే అది ఈస్ట్ అనే బూజుజాతి వల్ల కావచ్చు. పలుచగా, చేపల వాసనతో ఉంటే బాక్టీరియా వల్ల కావచ్చు. పసుపుపచ్చగా నురగతో ఉంటే ట్రైకోమోనాస్ అనే క్రిమి అయి ఉండవచ్చు. దీనికి భర్త కూడా మందు వాడాలి, లేకుంటే జబ్బు తిరిగి వస్తుంది. ఏది ఏదో పరీక్షతోనే తేలుతుంది. ఒంట్లో వేడి అనీ, ఎముకలు కరిగిపోతున్నాయనీ అనుకోవడం సరికాదు.

పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులే యోనిలోనూ ఉండి, పులుపును నిలిపి ఇతర క్రిములను ఎదగనీయవు. లోపల సబ్బుతో, క్రిమిసంహారక మందులతో కడిగితే ఈ కాపలా చెడుతుంది. (అక్కడ పెరుగు రాయమని మేము చెప్పడం లేదు.) పైభాగాన్ని నీళ్లతో కడిగితే చాలు. బహిష్టు గుడ్డలను కొట్టంలో చీకటి మూల దాచక, ఉతికి ఎండలో ఆరవేయాలి.

పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా, గర్భిణికి దుర్వాసనతో మైల అయినా, ముట్లుడిగిన తరువాత రక్తం కనిపించినా ఆగరాదు. ఆశా కార్యకర్తకో, ఏ.ఎన్.ఎం.కో చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

"సాయంత్రం పాలు ఎవరు పోస్తారు?" అని ఆస్పత్రి ప్రయాణం మానుకొనే ఆడవారిని మేము తనిఖీలలో చూస్తూనే ఉన్నాము. ఆ పూట భర్తో, కొడుకో పాలు తెచ్చి పోసినా పుస్తకంలో ఆమె పేరనే జమ వేయవలెనని కార్యదర్శులు గమనించగలరు.