హోలీరూడ్‌లో గురువారం ప్రశ్నలు

1998 చట్టంతో ఏర్పడిన స్కాట్లండ్ పార్లమెంటు 1999లో కొలువుదీరింది. సభ్యులు 129 మంది. ఎడిన్‌బరాలోని హోలీరూడ్‌లో సమావేశాలు జరిగే వారాల్లో గురువారం నాడు స్కాట్లండ్ ప్రభుత్వాధినేత అయిన ఫస్ట్ మినిస్టర్‌ను సభ్యులు నిలదీస్తారు. ప్రశ్నలు తరచూ నిధుల దగ్గరికో, స్వాతంత్ర్యం దగ్గరికో చేరతాయి.

లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటులో హెచ్చుతగ్గులను బార్నెట్ సూత్రం నిర్ణయిస్తుంది. అయితే జీతాలపై ఆదాయపు పన్ను రేట్లు, శ్లాబులు 2017 నుంచి స్కాట్లండ్ చేతిలోనే ఉన్నాయి. కాబట్టి లోటుకు లండనే కారణమన్న జవాబు ఇప్పుడు పూర్తిగా చెల్లదు.

ఇక స్వాతంత్ర్యంపై 2014లో జరిగిన రెఫరెండంలో 55 శాతం మంది బ్రిటన్ నుంచి విడిపోవద్దన్నారు. వెస్ట్‌మినిస్టర్ (బ్రిటన్ పార్లమెంటు) సమ్మతి లేకుండా మరో రెఫరెండానికి చట్టం చేసే అధికారం హోలీరూడ్‌కు లేదని 2022 నవంబరు 23న బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

నిధుల పంపకంలో భారత్‌తో పోలిస్తే ఒక తేడా ఉంది: మన ఆర్థిక సంఘానికి రాజ్యాంగంలోని 280వ అధికరణం ఆధారం. బార్నెట్ సూత్రానికి చట్టబద్ధత లేదు. పోటీ పరీక్షల అభ్యర్థులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.