చెవిలో మానిటర్: వైరుదే ఎందుకు?

జంషెడ్‌పూర్‌లో తెలుగువారు ఉన్నారు. అక్కడైనా, మరెక్కడైనా పండుగ వేదికపై డ్రమ్స్ హోరులో గాయకుడికి తన గొంతే వినిపించదు. స్టేజి స్పీకరు పెంచితే చెవికి ముప్పు. 85 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటలే పరిమితి అని అమెరికా సంస్థ నియోష్ సూచిస్తోంది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 వద్ద మిగిలేది 15 నిమిషాలే.

చెవిలో బిగుతుగా అమరే ఇయర్‌ఫోన్ బయటి హోరును తగ్గిస్తుంది. తక్కువ శబ్దంతోనే పాట తెలుస్తుంది. కూర్చుని వాయించేవారికి వైరు చాలు: రేడియో అంతరాయం ఉండదు, ఖర్చూ తక్కువ.

కొనేముందు మూడు చూడాలి. చెవికి సరిపడే టిప్. హఠాత్తు శబ్దాన్ని ఆపే లిమిటర్. ఇంపెడెన్స్: 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అందులో ఎనిమిదో వంతు, అంటే 2 ఓమ్‌లు మించకపోతే మేలు. మించితే కొన్ని ఇయర్‌ఫోన్లలో స్వరాల తీరు మారవచ్చు.

ఒక చెవిది తీసేస్తే రెండో చెవిలో శబ్దం పెంచాల్సి వస్తుంది. రెండూ ఉంచుకోవడమే క్షేమం.