ముందు ఎర్రర్ చదువు, తర్వాత కీ ముట్టుకో

హైదరాబాద్

చిరంజీవి తమ్ముడిని ఆశీర్వదించి అక్క రాయునది.

భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం చూపించే పేజీ చేస్తున్నావని విని చాలా సంతోషపడ్డాను. లాప్‌టాప్‌లో నడిచింది ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సర్వర్‌లో 'సెక్యూరిటీ టోకెన్ ఇన్‌వ్యాలిడ్' అంటోందనీ, కీలు ఎన్నిసార్లు మార్చినా అదే గొడవనీ రాశావు.

ఎర్రర్ పూర్తిగా చదవకుండా కీ మార్చకు, పర్మిషన్లు పెంచకు. 'క్రెడెన్షియల్స్ దొరకలేదు' అంటే ప్రోగ్రామ్‌కు కీ అందనే లేదు. లాప్‌టాప్‌లో అది నీ హోమ్ ఫోల్డర్‌లోని ఓ ఫైల్లో ఉంటుంది, సర్వర్‌లో ప్రోగ్రామ్ నడిపే యూజర్‌కు ఆ ఫైలే ఉండదు. 'సిగ్నేచర్ కలవలేదు' అంటే చాలావరకు సీక్రెట్ కీ కాపీ చేయడంలో ఓ అక్షరం జారిపోయి ఉంటుంది. టైమ్ తేడా అంటే సర్వర్ గడియారం చూడు, ఎస్3 స్టోరేజీ అయితే 15 నిమిషాలు మించితే ఒప్పుకోదు. 'యాక్సెస్ డినైడ్' వస్తే మాత్రం మామూలుగా కీ మంచిదే, ఆ పనికి అనుమతి లేదంతే. అప్పుడు ఆ ఒక్క పనికే అనుమతి ఇవ్వు, అడ్మిన్ హక్కులు రాసేయకు.

సర్వర్‌లో ప్రోగ్రామ్ నడిచే యూజర్‌తోనే 'ఏడబ్ల్యూఎస్ ఎస్‌టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ' కొట్టి చూడు. ఏ అకౌంట్‌తో, ఏ పేరుతో వెళ్తున్నావో చెబుతుంది. ఫైల్లో కొత్త కీ పెట్టినా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పాతది మిగిలి ఉంటే పాతదే వెళ్తుంది. ఆ పాత కీ వేరే పేరుదైతే అది కూడా ఇక్కడే బయటపడుతుంది.

ఇక నీ సంగతి. డైనమోడీబీ టేబుల్ ముంబైలో పెట్టి పరీక్షించావు, సర్వర్‌లో మాత్రం దగ్గర కదా అని హైదరాబాద్ రీజియన్ రాశావు. హైదరాబాద్ రీజియన్ మొదలైంది 2022 నవంబర్‌లో. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన రీజియన్లను మన అకౌంట్‌లో మనమే ఆన్ చేసుకోవాలి, ముంబైకి ఆ అవసరం లేదు. ఆన్ చేయకపోతే ఎంత మంచి కీ అయినా చెల్లదనే చెబుతుంది. పైన చెప్పిన కమాండ్‌నే ముంబై రీజియన్‌తో ఒకసారి, హైదరాబాద్‌తో ఒకసారి నడుపు. మొదటిది పలికి రెండోది పలక్కపోతే లోపం కీలో లేదన్నమాట. రీజియన్ ఆన్ చేసి, కాసేపు ఆగి, టేబుల్ అక్కడ కూడా తయారుచెయ్యి. లేదా ముంబైలోనే ఉండిపో, నీ పేజీకి అదీ చాలు.

కీని కోడ్‌లో ఎప్పుడూ రాయకు. సర్వర్‌కు రోల్ తగిలిస్తే తాత్కాలిక కీలు వాటంతట అవే వస్తాయి, గడువు దాటకముందే మారతాయి. ఇప్పటికే గిట్‌హబ్‌కు కీ ఎక్కించి ఉంటే ఆ లైను చెరిపేస్తే సరిపోదు, పాత కమిట్‌లలో ఉండనే ఉంటుంది. ఆ కీనే రద్దు చెయ్యి. ఉబర్‌లో 2016లో ఇలా గిట్‌హబ్‌లో ఉన్న కీ చిక్కే 5.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి.

ఇవన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు మన బూర్గంపాడు మండలం పడ్డ పాట్లు నీకు తెలుసు. వరద రాత్రి నీ క్రెడెన్షియల్ ఫెయిలై, పేజీ మాత్రం సాయంత్రం నాటి 42 అడుగులనే చూపిస్తూ కూర్చుంటే, దాన్ని నమ్మి ఓ కుటుంబం ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకని ఎర్రర్‌ను మింగేసే కోడ్ రాయకు. ప్రతి అంకె పక్కనా అది ఏ గంటకు తీసినదో వెయ్యి. కొత్త రీడింగ్ రాకపోతే 'తాజా సమాచారం అందలేదు' అని ఎర్ర అక్షరాల్లో పెట్టు, నీ ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా చూసుకో. వానలు మొదలవకముందే కావాలని కీ తీసేసి, పేజీ ఏమంటుందో పరీక్షించు. అది నిజం చెప్పిన రోజున ఊళ్లో వాళ్లకు లింకు ఇవ్వు.



ఇట్లు,
నీ అక్క