చేతితో చేసిన క్రిస్మస్ కానుక



క్రిస్మస్ దగ్గరపడుతుంటే కొన్ని ఇళ్లలో సంతోషంతోపాటు ఒక బెంగ కూడా మొదలవుతుంది. పత్తికి ధర రాని ఏడు, అప్పు తీరని ఏడు, "పండుగకు ఎవరికి ఏం పెట్టగలం?" అని తల్లులు లోలోపల కుమిలిపోతారు. సంక్రాంతికి మనకు సకినాలు పంపిన ఇంటికి వట్టి చేతులతో ఎలా పోవాలని కొందరు గడపే దాటరు. పెద్దవంగర, తొర్రూరు వంటి మన ఊళ్లలో ఈ బెంగకు విరుగుడు వంటింట్లోనే ఉంది: పల్లీలు, బెల్లం.

పల్లిపట్టి చేసే విధానం

కావలసినవి: పల్లీలు అర కిలో, బెల్లం 350 గ్రాములు, నెయ్యి రెండు చెంచాలు, యాలకులు నాలుగు. బెల్లం మరీ తెల్లగా, పసుపుగా మెరుస్తుంటే కొనకండి. రంగు కోసం రసాయనం కలిపే అలవాటు ఉన్నది. ముదురు రంగు బెల్లమే మేలు.

1. పల్లీలను సన్నని మంటమీద వేయించి, చల్లారాక పొట్టు తీసి, చెరిగి, బద్దలు చేయండి.
2. బెల్లాన్ని అర గ్లాసు నీళ్లలో కరిగించి వడకట్టండి. ఇసుక, నలకలు పోతాయి.
3. మందపాటి గిన్నెలో పాకం పట్టండి. చల్లని నీళ్లలో ఒక చుక్క వేసి చూడండి. మెత్తగా ఉండ కడితే అది అరిసెల పాకం, ఇంకా కాగాలి. గట్టిపడి, విరిస్తే టక్కున విరగాలి. ఈ పని తొందరపడితే పట్టి పళ్లకు అంటుకుంటుంది.
4. వెంటనే దించి, యాలకుల పొడి, పల్లీలు కలిపి, నెయ్యి రాసిన తాంబాళంలో పోసి, చపాతీ కర్రతో పరచండి. వేడి ఉండగానే కత్తితో గాట్లు పెట్టండి.

పాకం మరిగే నీళ్లకంటే ఎంతో వేడిగా ఉంటుంది, చర్మానికి అంటుకుంటే ఊడదు. ఆ సమయంలో పిల్లలను పొయ్యి దగ్గరికి రానీయకండి. పొట్టు తీసే పని, పొట్లాలు కట్టే పని వారికి అప్పగించండి.

అర కిలో పల్లీలతో ఇంచుమించు పది చిన్న పొట్లాలు వస్తాయి. బజారులో ఒక్క మిఠాయి డబ్బా ధరతో పోల్చి మీరే లెక్క వేసుకోండి. పాత వార్తాపత్రికలో చుట్టకండి, ఆ సిరా తినుబండారానికి అంటుతుంది. శుభ్రమైన బటర్ పేపరు వాడండి. గాలి తగలని డబ్బాలో ఉంచితే రెండు వారాలు కరకరలాడుతుంది.

పళ్లు లేని ముసలమ్మను, చిన్న పిల్లలను మరవకండి. గట్టి పలుకు పసివాళ్ల గొంతులో అడ్డం పడవచ్చు. వారికోసం వేయించిన పల్లీలు, బెల్లం రోట్లో మెత్తగా దంచి ముద్దలు కట్టండి. దీనికి పాకమే అక్కరలేదు. పల్లీలు పడనివారు, షుగరు జబ్బు ఉన్నవారు ఉన్నారేమో ముందే అడగండి. వారికి జామపండ్లు ఇవ్వండి.

జ్ఞానులు బాలయేసుకు బంగారం తెచ్చారు. గొర్రెల కాపరులు ఏం తెచ్చారో సువిశేషం చెప్పదు. త్వరపడి వచ్చారని మాత్రమే చెబుతుంది. కనుక పొయ్యి వెలిగించేముందు ఒక కాగితంమీద మూడు ఇళ్ల పేర్లు రాయండి: మీకు పెట్టినవారి ఇల్లు ఒకటి, మీకు ఎన్నడూ పెట్టలేనివారి ఇల్లు ఒకటి, మాటలు ఆగిపోయిన ఇల్లు ఒకటి. ఆ మూడో గడప ఎక్కడమే కష్టం. చేతిలో పొట్లం ఉంటే మొదటి మాట కొంచెం తేలికవుతుంది.