మందు పరీక్షల ఫలితాలు – పూర్తి లెక్క ఎందుకు చెప్పాలి?

"ఈ మందు మంచిదని పరిశోధనలో తేలింది" అనే మాట పేపర్లలో, టీవీలో తరచుగా వింటుంటాము. ఆ పరిశోధనలో మేలు ఎంత, కీడు ఎంత అని రెండూ చెప్పారా? ఈ నెల పాఠంలో ఈ సంగతి తెలుసుకుందాము.

ర్యాండమైజ్డ్ ట్రయల్ అంటే ఏమిటి?

మందును పరీక్షించడానికి, అందుకు ఒప్పుకున్న రోగులను రెండు గుంపులుగా చేస్తారు. ఒక గుంపుకు కొత్త మందు, రెండవ గుంపుకు పాత మందు గాని, మందులేని మాత్ర గాని ఇస్తారు. ఎవరు ఏ గుంపులో చేరాలో డాక్టరు ఎంచుకోరు. చీటీలు తీసినట్లుగా నిర్ణయిస్తారు. లేకపోతే కాస్త ఆరోగ్యంగా ఉన్నవారికే కొత్త మందు ఇచ్చి, అది బాగా పనిచేసిందని చెప్పే ప్రమాదం ఉంది.

లెక్క తగ్గితే ఏమి జరుగుతుంది?

కీళ్ళ నొప్పులకు వయాక్స్ పేరుతో రోఫికాక్సిబ్ అనే మందు అమ్మేవారు. 8,000 మందికి పైగా కీళ్ళవాతం రోగులతో చేసిన దాని ట్రయల్ 2000 సంవత్సరంలో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. న్యాప్రోక్సెన్ అనే పాత మందు కంటే దీనితో కడుపులో పుండ్లు, రక్తస్రావం తక్కువని అందులో చూపించారు. కాని గుండెపోట్లు కొత్త మందు గుంపులోనే ఎక్కువ. పాత మందు గుండెను కాపాడి ఉండవచ్చని రచయితలు దానికి కారణం చెప్పారు. పైగా కొత్త మందు వాడినవారిలో మరో మూడు గుండెపోట్లు ఆ లెక్కలోకి రాలేదు. గుండె జబ్బుల లెక్కను కడుపు జబ్బుల లెక్క కంటే ముందే ముగించారు.

మరొక ట్రయల్‌లో గుండెపోటు, పక్షవాతం ముప్పు బయటపడడంతో 2004 సెప్టెంబరు 30న ఆ మందును ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. ఆ మూడు గుండెపోట్ల సంగతిపై 2005 డిసెంబరులో ఆ పత్రికే ఆందోళన ప్రకటించింది.

ఇప్పుడు ఉన్న నియమాలు

ట్రయల్ నివేదికలో ఏమేమి ఉండాలో చెప్పే కన్సార్ట్ అనే నియమాల పట్టిక 1996లో వచ్చింది. దానిని 2001, 2010, 2025 సంవత్సరాలలో సవరించారు. ముఖ్యమైనవి ఇవి:

1. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు?
2. గుంపులను ఎలా విడదీశారు?
3. ముందు చూస్తామన్న ఫలితాన్నే చివరకు చెప్పారా?
4. మేలుతోపాటు కీడు కూడా చెప్పారా?
5. ఖర్చు ఎవరు పెట్టారు?

మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2009 జూన్ 15 నుండి నమోదు తప్పనిసరి అయింది. ముందే నమోదు చేస్తే, తరువాత లెక్క మార్చినా దొరికిపోతుంది.

మీరు చేయవలసినవి

• "ముప్పు సగం తగ్గింది" అంటే "ఎంతమందిలో ఎంతమందికి?" అని అడగండి. నూరుమందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికే వచ్చినా సగం తగ్గినట్లే.
• ట్రయల్‌లో చేరమని అడిగితే రిజిస్ట్రీ నంబరు అడగండి. మీకు తెలిసిన భాషలో అంగీకార పత్రం చదివించుకొని, అర్థమైన తరువాతే సంతకం చేయండి.
• ఏదో వార్త చూసి వాడుతున్న మందును సొంతంగా మానవద్దు. సందేహం ఉంటే మందుల చీటీ తెచ్చి మీ డాక్టరును అడగండి. అలా అడగడం మీ హక్కు.