ఇంట్లో గిటార్ రికార్డింగ్: టైమింగ్ తప్పేది మీ చెయ్యా, మీ గ్యాడ్జెటా?

ఇంటర్‌ఫేస్ కొన్నారు, మైక్ కొన్నారు, హెడ్‌ఫోన్స్ కూడా కొన్నారు. అయినా రికార్డ్ చేసిన గిటార్ పాటతో కలవడం లేదా? అయితే ఈ ఆర్టికల్ మీ కోసమే. నేను దీంతో మూడు నెలలు తల కొట్టుకున్నా. చివరికి ఆఫీసులో బగ్ వెతికినట్టు వెతికితేనే దొరికింది.

మాది పులివెందుల దగ్గర తుమ్మలపల్లె. యురేనియం గని ఉన్న ఊరు అంటే చాలామంది గుర్తుపడతారు. వర్క్ ఫ్రం హోం దొరికినప్పుడల్లా ఇక్కడే ఉంటా. మిద్దె మీద గదే నా స్టూడియో. మా జేజినాయన చెక్కభజన గురువు. వయసు 78. ఆయన గొంతు బాగున్నప్పుడే ఒక పాట గిటార్‌తో కలిపి దాచుకోవాలని నా ఆశ.

మొదటిరోజు హెడ్‌ఫోన్స్ పెట్టి క్లిక్ వినిపించా. రెండు లైన్లు పాడి తీసేశాడు. "ఏం రా ఇది, చెవులో బల్లి మాదిరి టిక్కు టిక్కు అంటాండాది. నేను దాని ఎనకాల పోవాల్నా? అదే నా ఎనకాల రానీ" అన్నాడు. సరే అని క్లిక్ ఆపేసి, ఆయన చెక్కలు వాయిస్తూ పాడుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేశా. నాలుగు నిమిషాల పాట, అద్భుతంగా వచ్చింది. ఆ వారమే ఆయనకు దగ్గు పట్టుకుంది. మళ్లీ పాడమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అంటే నా దగ్గర ఉన్నది ఆ ఒక్క టేకే. దాని మీద గిటార్ వాయిస్తే ప్రతిసారీ ఎక్కడో ఒకచోట విడిపోయేది.

ముందు తప్పు ఏ రకమో చూడండి

వెంటనే కొత్త గ్యాడ్జెట్ కొనకండి. మీరు వాయించిన ట్రాక్‌ని, క్లిక్ ట్రాక్‌ని పక్కపక్కన పెట్టి జూమ్ చేయండి. పాట మొదట్లో, మధ్యలో, చివర్లో రెండింటి మధ్య తేడా ఎంతుందో రాసుకోండి.

1. మూడు చోట్లా తేడా ఒకేలా ఉంటే: అది లేటెన్సీ. తప్పు మీది కాదు, సెటప్‌ది.
2. ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే: అది మన చెయ్యి. ప్రాక్టీస్ కావాలి.
3. పోనుపోను పెరుగుతూ ఉంటే: అది డ్రిఫ్ట్. టెంపోనే జారిపోతోంది.

ఈ మూడింటికీ మందులు వేరువేరు. నేను రెండో రకం రోగానికి మొదటి రకం మందు వేస్తూ డబ్బులు పోగొట్టుకున్నా.

లేటెన్సీ: లెక్క తేలికే

ఒక బీట్‌కి ఎంత టైం పడుతుందో తెలియాలంటే 60,000ని బీపీఎంతో భాగించండి. 80 బీపీఎంలో ఒక బీట్ 750 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 187.5. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో సౌండ్ 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లేట్ అవుతుంది. అంటే దాదాపు ఒక ముక్క మొత్తం పోయినట్టే. గేమింగ్ మోడ్ ఉన్నా రికార్డింగ్‌కి వైర్ హెడ్‌ఫోన్సే వాడండి. వెనక మూసి ఉండే మోడల్ అయితే క్లిక్ సౌండ్ మైక్‌లోకి దూరదు.

తర్వాత బఫర్ సైజ్. శాంపిళ్ల సంఖ్యని శాంపిల్ రేట్‌తో భాగిస్తే టైం వస్తుంది. 48,000 హెర్ట్జ్‌లో 1024 బఫర్ అంటే 21.3 మిల్లీసెకన్లు. 256 అయితే 5.3, 128 అయితే 2.7. సౌండ్ లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ బఫర్ ఉంటుంది కాబట్టి కనీసం రెట్టింపు వేసుకోండి. గాలిలో సౌండ్ ఒక మిల్లీసెకన్‌కి దాదాపు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. కాబట్టి 10 మిల్లీసెకన్ల లేట్ అంటే ఆంప్‌కి మూడున్నర మీటర్ల దూరంలో కూర్చుని వాయించినట్టు. అంతవరకు చాలామంది సర్దుకోగలరు.

రికార్డింగ్ టైంలో బఫర్ 128 లేదా 256 పెట్టండి. టపటప సౌండ్లు వస్తే కొంచెం పెంచండి. మిక్సింగ్‌కి 1024 పెట్టినా నష్టం లేదు. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్ వాడండి. స్కార్లెట్ సోలో లాంటి వాటిలో డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే మీ గిటార్ కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా నేరుగా చెవికి వస్తుంది.

ఇంకో టెస్ట్: హెడ్‌ఫోన్‌ని మైక్‌కి ఆనించి క్లిక్‌నే రికార్డ్ చేయండి. అసలు క్లిక్‌కి, రికార్డ్ అయిన క్లిక్‌కి మధ్య ఉన్న తేడానే మీ సిస్టమ్ లేటెన్సీ. ఆడాసిటీ సెట్టింగ్స్‌లో లేటెన్సీ కాంపెన్సేషన్ అని ఉంటుంది, అక్కడ సరిచేసుకోవచ్చు. ఒకసారి చేస్తే చాలు. ఇంటర్‌ఫేస్‌నో బఫర్‌నో మారిస్తే మళ్లీ చేయండి.

చెయ్యి: రోజుకి 15 నిమిషాలు

దీనికి గ్యాడ్జెట్ లేదు. మెల్జెల్ 1815లో మెట్రోనోమ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. మన సంగీతంలో అయితే అంతకుముందు నుంచే చేతితో తాళం వేస్తూ కాలప్రమాణం నిలబెట్టుకోవడం నేర్పిస్తున్నారు. ఆ పద్ధతే గిటార్‌కి పెట్టా.

మొదటి 5 నిమిషాలు: 60 బీపీఎం క్లిక్. ఒకే స్ట్రమ్మింగ్‌ని క్లిక్‌కి ఒకటి, తర్వాత రెండు, తర్వాత నాలుగు చొప్పున వాయించండి. క్లిక్ మారదు, మన వేగమే రెట్టింపవుతుంది. తర్వాతి 5 నిమిషాలు: బార్‌కి ఒక్క క్లిక్ మాత్రమే ఉంచండి. మిగతా మూడు బీట్లు మీ లోపల నడవాలి. బండారం బయటపడేది ఇక్కడే. చివరి 5 నిమిషాలు: రికార్డ్ చేసి జూమ్‌లో చూసుకోండి.

ఒక చిట్కా. తీగలు మోగించని బీట్లలో కూడా కుడిచెయ్యి ఆపకండి, గాలిలో అయినా కిందికి పైకి ఊపుతూనే ఉండండి. నేను ఎక్కువగా తప్పింది కార్డ్ మార్చేటప్పుడు చెయ్యి ఆపేయడం వల్లే.

డ్రిఫ్ట్: జేజినాయన పాట గుట్టు

92 క్లిక్‌కి 94లో వాయిస్తే ఒక్క నిమిషంలో రెండు బీట్లు ముందుకెళ్లిపోతాం. ఒకే పాటని ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఒకేసారి రికార్డ్ చేసినా డ్రిఫ్ట్ రావచ్చు. రెండింటి గడియారాలు కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో 50 భాగాల తేడా ఉన్నా నాలుగు నిమిషాలకు 12 మిల్లీసెకన్లు అవుతుంది.

నా కేసులో మాత్రం కారణం వేరు. జేజినాయన పాట 92లో మొదలై 108లో ముగిసింది. మొదట్లో అది తప్పు అనుకున్నా. తర్వాత చూస్తే వేగం ఎక్కడ పడితే అక్కడ పెరగడం లేదు. ప్రతి చరణం చివర కొంచెం పెరుగుతోంది, మళ్లీ నిలకడగా నడుస్తోంది. చెక్కభజనలో అడుగులు జోరందుకునేది అలాగే. ఆయన టైం తప్పలేదు. నేనే 96 క్లిక్ పెట్టి ఆయన పాటని అందులో ఇరికించాలని చూశా.

అందుకే టెంపో మ్యాప్ చేశా. చెక్కల దెబ్బలు వేవ్‌ఫామ్‌లో నిలువుగా స్పష్టంగా కనపడతాయి. రీపర్‌లో ప్రతి బార్ మొదటి దెబ్బ దగ్గర టెంపో మార్కర్ పెట్టుకుంటూ పోయా. రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు క్లిక్ ఆయనతో పాటే నడుస్తుంది. ఆ క్లిక్‌తో నాలుగు రోజులు ప్రాక్టీస్ చేసి, చరణం చొప్పున గిటార్ రికార్డ్ చేశా. ఆయన గొంతుని మాత్రం క్వాంటైజ్ చేయలేదు, ఎక్కడా జరపలేదు.

పాట వినిపించా. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. "ఇప్పుడు నా ఎనకాల వచ్చినావు" అన్నాడు.

రికార్డ్ నొక్కే ముందు

బ్లూటూత్ ఆఫ్, వైర్ హెడ్‌ఫోన్స్ ఆన్.
బఫర్ 128 లేదా 256, డైరెక్ట్ మానిటర్ ఆన్.
రెండు బార్ల కౌంట్-ఇన్.
ఫ్యాన్ ఆఫ్. మా ఊర్లో అయితే బోరు మోటార్లు ఆగాక రాత్రిపూట.
పాట వేగం నిజంగా ఒకటేనా, పెరుగుతోందా? క్లిక్ పెట్టే ముందు ఒకసారి పూర్తిగా వినండి.