పులికాట్ దాకా ఒక్కరోజు పోయొద్దాం, చెల్లీ!

ఏం చెల్లీ, సంక్రాంతి పిండివంటల హడావుడి తీరిందా? అయితే ఈ నెలలోనే ఒక రోజు నీకోసం తీసి పెట్టుకో. నెల్లూరు నుంచి చెన్నై రోడ్డు మీద తెల్లారకముందే బయల్దేరితే నేలపట్టు, సూళ్లూరుపేట, పులికాట్ చూసుకుని రాత్రి భోజనం వేళకి ఇల్లు చేరొచ్చు.

మొదట దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకి తిరుగు. ఎండెక్కకముందే అక్కడుండాలి. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతుల గూళ్లే! తల్లి తెచ్చిన చేపల కోసం పిల్లలు దాని గొంతుసంచిలోకి తల దూర్చేస్తాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా అక్కడే కాపురం. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారుగానీ, అంతకుముందు నుంచీ వాటిని కాచుకున్నది ఊరివాళ్లే. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకి ఎరువు. పక్షులొస్తే వానలూ పంటలూ బాగుంటాయని వాళ్ల నమ్మకం.

ఎండ ముదిరేసరికి సూళ్లూరుపేట చేరుకో. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ తల్లి గుడికి రాత్రయినా తలుపులు మూయరు. దణ్ణం పెట్టుకుని, కట్టుకెళ్లిన పులిహోర, పెరుగన్నం తినండి. పిల్లల బాత్రూం అవసరాలు కూడా ఊళ్లోనే చూసుకో. ముందున్న రోడ్డుకి చాలా దూరం రెండు వైపులా నీళ్లేగానీ, ఆగి అడగడానికి ఇళ్లు తక్కువ.

సాయంత్రం పులికాట్ సరస్సు మీదుగా పోయే శ్రీహరికోట రోడ్డెక్కు. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అటు సముద్రానికీ, ఇటు సరస్సుకీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డంగా ఉంటుంది. అనుమతి లేకపోతే ఆ దీవిలోని రాకెట్ కేంద్రం షార్ గేటు దగ్గరే వెనక్కి తిరగాలి, దానికి బాధపడకు. మనం వచ్చింది ఫ్లెమింగోల కోసం కదా! లోతులేని నీళ్లలో తల కిందికి వంచి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టుకుని తింటాయి. ఆ తిండిలోని రంగే వాటి రెక్కల గులాబీ రంగు. వీటి పేరుమీదే 2001 నుంచి సూళ్లూరుపేటలో పండగ చేస్తున్నారు.

ఈ సరస్సుకి సముద్రపు నీళ్లొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. ఆటుపోట్లు సరిగా లేకపోతే చేపా, రొయ్యా తగ్గుతాయి. జాలర్ల పొయ్యీ, పక్షుల కడుపూ రెండూ ఆ నీళ్ల మీదే ఆధారపడ్డాయి. పూడిక తీయించమని జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. వాళ్ల మాట మనమూ గట్టిగా అనాలి.

మరొక్క మాట. పక్షులు ఎగురుతూ ఫొటోలో పడాలని హారన్ కొట్టేవాళ్లనీ, రాళ్లు విసిరేవాళ్లనీ చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. ఎంతో దూరం ఎగిరొచ్చిన పక్షుల్ని తిండి దగ్గర నుంచి లేపితే ఉసురు తగలదూ! బైనాక్యులర్స్ తీసుకెళ్లు, దూరం నుంచే చూపించు. ప్లాస్టిక్ కవర్లు వెనక్కి తెచ్చుకో. మన పిల్లలు ఇవాళ నేర్చుకుంటేనే, వాళ్ల పిల్లలకి చూపించడానికి ఈ పక్షులుంటాయి తల్లీ.